రీచి పెట్టినవాళ్లు తట్టరు

నమోదు 212

మరిగే తొట్టి మూత దగ్గర కొంచెం కారుతుంటే బిగించాను. గొట్టంలో ఒత్తిడి మామూలే. ఇంతకు మించి ఒక్క ముక్క రాయొద్దని కొత్త పెద్దాయన ఆజ్ఞ. పంపు గది నమోదు అంటే ఒత్తిడి, వేడి, నీళ్లు, అంతేనట. సొంత సోది పనికిరాదట. ఆయన వచ్చి నెల తిరగలేదు, నేను ఈ గదిలో పదిహేనేళ్లుగా రాస్తున్నాను. నా సోది నేను రాస్తాను. ఇష్టం లేకపోతే చదవడం మానెయ్యమనండి.

పెద్దాయన పేరు దంతులూరి నరసరాజు గారు. ఆవలి గుంటలో మంచు అయిపోయి, అక్కడి జనమంతా మూటాముల్లె సర్దుకుని మా ఊరు చలివేంద్రానికి వచ్చేసినప్పుడు ఆయనా వచ్చారు. వయసులో, అనుభవంలో పెద్దవారని రెండు ఊళ్లకీ కలిపి ఆయన్నే పెద్దని చేశాం. చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పుడు ఎవర్ననుకుని ఏం లాభం. చందమామ దక్షిణపు కొసన, ఎండ ఎన్నడూ పడని గుంటల అడుగున మంచు తవ్వి నీళ్లు చేసే ఊళ్లు ఇవి. మనుషులు తక్కువ కాబట్టి ఊరి పెద్దయినా ఒక పంపు గది చూసుకోవలసిందే. ఆయనకి నాలుగో గది ఇచ్చాం. గది ఇచ్చామంటే ఆటలో చోటు కూడా ఇచ్చినట్టే. గొడవ అక్కడ మొదలైంది.

మా పంపు గదులు నాలుగు, గదికో మనిషి. మధ్యలో బోలెడంత మంచూ రాయీ. రేడియో పలకదు. నలుగుర్నీ కలిపేది నీటి గొట్టం ఒక్కటే. మొదట్లో తవ్వకానికి వచ్చిన జపాను వాళ్లు నలుగురు కూర్చుని బిళ్లలతో ఆడే మాజాంగ్ ఆట తెచ్చారు, మా గోదావరి వాళ్లు దాన్ని గొట్టం మీదికి ఎక్కించారు. పొద్దున్నే మా నలుగురి తెర పలకలూ వంటశాలలో ఒకే గూట్లో పెడితే ఆ రోజు ఆటకి బిళ్లల వరస మొత్తం నాలుగింట్లోకీ ఎక్కుతుంది. ఎవరి బిళ్లలు వాళ్ల పలకే చూపిస్తుంది. మనం ఏ బిళ్ల వదిలేశామో గొట్టం మీద చిన్న సుత్తితో తట్టి చెప్పాలి. గొట్టానికి అంటించిన పలక చెవి అది విని రాసుకుంటుంది. బిళ్లలు ముఖ్యంగా మూడు రకాలు, రకానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా. చక్రాలకి ఒక తట్టు, వెదుళ్లకి రెండు, అంకెలకి మూడు, కాస్త ఆగి బిళ్ల మీద ఎంత ఉంటే అన్ని తట్లు. ఎనిమిది గంటల పాటు ఒంటరిగా పంపు ముందు కూర్చునేవాళ్లకి ఇది లేకపోతే పిచ్చెక్కుతుంది. పిచ్చెక్కినవాళ్లూ ఉన్నారు పూర్వం.

నమోదు 213

రాజుగారు ఆడేదీ మాజాంగే, కాకపోతే ఆవలి గుంట మాజాంగ్. మా దగ్గర ప్రతి రకంలోనూ ఒక అయిదు ఎర్రగా ఉంటుంది, అది చేతిలో ఉంటే గెలుపు విలువ పెరుగుతుంది. ఆయనకి ఎర్ర అయిదులంటే గిట్టదు, చేతకానివాణ్ణి గెలిపించడానికే వాటిని పెట్టారంటారు. పక్కవాళ్లు వదిలిన బిళ్ల అందుకుని, ఒకట్లూ తొమ్మిదులూ లేకుండా చెయ్యి కట్టుకుంటే మా దగ్గర చెల్లుతుంది, ఆయన దగ్గర చెల్లదు. ఒకే బిళ్ల మీద ఇద్దరు గెలిస్తే మేం ఇద్దరికీ ఇస్తాం. వాళ్లు వరసలో దగ్గరున్నవాళ్లకే ఇచ్చి రెండోవాళ్లని ఉత్త చేతులతో పంపుతారు. వంటశాలలో దీని మీద జరిగిన వాదనలో ఉప్మా చల్లారిపోయింది.

రెండో గది చూసుకునే యాకోబు నెమ్మదైన మనిషి. తవ్వుడు బండి నడపడం కూడా అతని పనే. ఎర్ర అయిదులు ఉండనిచ్చి, అందుకున్న చెయ్యి చెల్లదని ఒప్పుకుంటే ఇద్దరి మాటా నిలిచినట్టు ఉంటుందని రాజీ చేశాడు. ఇద్దరు గెలిచే విషయంలో రాజుగారే తగ్గారు. అన్నీ సర్దుకున్నాక రీచి దగ్గర బండి మళ్లీ దిగబడింది.

ఆట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చేతిలో పదమూడు బిళ్లలు. వంతు వచ్చినప్పుడల్లా ఒకటి తీసుకుని ఒకటి వదలాలి. మూడేసి చొప్పున, వరస అంకెలవో ఒకేలాంటివో, నాలుగు గుంపులూ ఒక జతా కుదిరితే గెలుపు. ఒక్క బిళ్ల తక్కువలో ఉన్నప్పుడు రీచి అని ప్రకటించవచ్చు. ప్రకటించాక ఇక చెయ్యి మార్చకూడదు, వచ్చిన బిళ్ల వచ్చినట్టు వదిలేస్తూ కూర్చోవాలి. మనకి కావలసిన బిళ్ల ఎవరైనా వదిలితే వెంటనే రోన్ అనాలి, అంటే సుత్తిని గొట్టం మీద గర్రుమని ఈడ్చాలి. రీచిలో ఉన్న మనిషి నిర్ణయించేది ఏమీ లేదు కాబట్టి ఆ వదిలే బిళ్లల్ని మా పలకలే చూపించేస్తాయి. అందుకని మా దగ్గర రీచి పెట్టినవాళ్లు గెలిచేదాకా తట్టరు. ఆవలి గుంటలో మాత్రం ప్రతి వంతుకీ ఒకసారి తట్టి తీరాలట.

ఈ ముక్క దగ్గర హిసానో వదిన ఎదురు తిరిగింది. మూడో గది ఆవిడది, సొరంగం చిట్టచివర. వాళ్ల నాన్న ఓడల పని మీద కాకినాడ వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆవిడ లెక్కలు జపాను భాషలో పెడుతుంది, తిట్లు మాత్రం అచ్చంగా తూర్పుగోదావరివే. నాకు చుట్టమేమీ కాదు, ఒకరినొకరం వదినా అనుకోవడం అలా అలవాటైపోయింది.

"దేనికండీ తట్టడం? పలక దానంతటదే చూపిస్తది కదా. నోరు మూసుకు కూచునే హాయి కోసమే నేను రీచి పెట్టేది," అంది.

రాజుగారి ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. సరే మీ ఇష్టం అని గిన్నె తీసుకుని లేచి వెళ్లిపోయారు. గెలిచినందుకు వదిన నావైపు చూసి కన్ను గీటింది. నాకెందుకో ఆ గెలుపు రుచించలేదు.

నమోదు 216

రాయబుద్ధి కావడం లేదు. కానీ రాయాలి.

పొద్దుటి ఆట మధ్యలో నేల కదిలింది. ఇక్కడ కదలడం కొత్త కాదు, కాసేపు వణికి ఊరుకుంటుంది. ఈసారి మాత్రం సొరంగం పైకప్పు దిగిపోయింది. రెండో గదికీ మూడో గదికీ మధ్య దారంతా మంచు గడ్డలు. హిసానో వదిన అటువైపు ఉండిపోయింది. ఆవిడ గది గాలి కారిపోతోందని ఇక్కడ ముల్లు చూపిస్తోంది. ఒళ్లంతా కప్పే గాలి తొడుగు వేసుకుని ఉంటే అందులోని గాలి ఒక్కటే ఆవిడకి దిక్కు.

పిలుపు తట్టు తట్టాం, మూడు పెద్ద దెబ్బలు. ఎక్కడున్నా ఎవరైనా జవాబు ఇవ్వాలని నియమం. జవాబు లేదు. రాజుగారు ఊరికి అవతలి కొసనున్న నాలుగో గది నుంచి పరుగెత్తుకొచ్చి గొట్టానికి చెవి ఆనించి మోకాళ్ల మీద కూర్చున్నారు. యాకోబు అప్పటికే తవ్వుడు బండి తీశాడు.

చాలాసేపటికి గొట్టంలోంచి తట్లు వచ్చాయి. రెండు. ఆగి, తొమ్మిది. వెదుళ్ల తొమ్మిది. నేల కదిలినప్పుడు వంతు ఆవిడదే. మనిషి మంచు కింద ఉంది, ముందు తన వంతు బిళ్ల వదిలింది, ఆ తర్వాతే పిలుపుకి జవాబు తట్టింది. నేను నవ్వుతూ ఏడ్చాను. ఇంత మొండి మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ఆట ఆపకూడదని రాజుగారే అన్నారు. ఒక బిళ్ల వదిలి చాలాసేపు ఆగి ఇంకొకటి వదులుతూ, ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా తట్టు వింటూ ఉంటే ఆవిడకి తోడుగానూ ఉంటుంది, మాకు ధైర్యంగానూ ఉంటుందని. మా ముగ్గురి పలకలూ నా గదిలోకి తెచ్చుకున్నాం. యాకోబు బండి మీద నుంచి వచ్చి తన వంతు ఆడి మళ్లీ వెళ్తున్నాడు.

నమోదు 217

తవ్వుతున్న కొద్దీ పైనుంచి మంచు జారుతోంది. అడుగు ముందుకి వెళ్తే సగం అడుగు వెనక్కి వస్తున్నట్టుంది. బండి ఆకలి మామూలు ఆకలి కాదు, కరెంటంతా తాగేస్తోంది.

అసలు భయం అదే. రేపటి నుంచి చీకటి రోజులు మొదలు. గుంట అంచున ఎండని కరెంటు చేసే స్తంభాల మీద కూడా వెలుగు పడదు. ఆ రోజులన్నీ ఊరు వెచ్చగా ఉండేది దాచిపెట్టిన కరెంటుతోనే. బండి దాన్నే తింటోంది. ఊళ్లో ఎనభై మందిమి ఉన్నాం, అందులో చంటిపిల్లలు ఉన్నారు. ఆవలి గుంట నుంచి వచ్చిన ఒకామెకి మొన్ననే కాన్పయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ వదిన చక్రాల ఎర్ర అయిదు వదిలి, వెంటనే రెండు పొడి దెబ్బలు కొట్టింది. రీచి. ఆ తర్వాత ఇక చప్పుడు లేదు.

తొడుగులో గాలి తగ్గినప్పుడు అది మనిషికి మందు ఎక్కించి మగత పుట్టిస్తుంది. మగతలో ఊపిరి నెమ్మదిస్తుంది, ఉన్న గాలి ఎక్కువసేపు వస్తుంది. ఆవిడ మగతలోకి వెళ్లి ఉంటుందని నేనన్నాను. రాజుగారు పిలుపు తట్టు తట్టి విన్నారు. మళ్లీ తట్టారు. జవాబు రాలేదు.

నమోదు 218

ఇది జరిగినది జరిగినట్టు రాస్తున్నాను, తర్వాత ఎవరికైనా అవసరం పడవచ్చు.

పొద్దున రాజుగారు నా గదిలోకి వచ్చి తలుపు వేశారు. యాకోబుని కూడా పిలిపించారు. బండి ఇంకా నడవాలంటే ఊరికి దాచిన దాంట్లోంచి పెద్ద భాగం పోతుంది. ఆవిడ బతికి ఉంటే ఆ భాగం ఖర్చుపెట్టి, ఎనభై మందినీ ఒక్క వంటశాలలో ఇరికించి చీకటి రోజులు దాటిస్తానన్నారు. బతికి లేకపోతే పసిపిల్లల్ని చలిలో పెట్టే హక్కు తనకి లేదన్నారు.

ఆవిడ రీచిలో ఉందని, మా పద్ధతిలో రీచి అంటే తట్టరని నేను గట్టిగా చెప్పాను. నా గొంతు కొంచెం లేచింది కూడా.

అప్పుడు ఆయన చెప్పారు. "మా గుంటలో గుడాల సింహాచలం అని ఉండేవాడు తాయారమ్మగారూ. అప్పుడు మాకూ మీ పద్ధతేనండి. రీచి పెట్టి ఊరుకున్నాడు. మంచి చెయ్యి కోసం కాసుకు కూచున్నాడని మేం నవ్వుకుంటా ఆడేం. పొద్దు తిరిగేక తలుపు తీసి చూస్తే, వాడు ఎప్పుడో పోయేడు. గాలి మూత పగిలిందండి. మేం ఆడతానే ఉన్నాం."

ఆవలి గుంటలో రీచి పెట్టినవాళ్లు ఎందుకు తట్టాలో ఇప్పుడు తెలిసింది. వంటశాలలో ఆయన ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే వదిన అరక్షణంలో ఒప్పుకునేది. చెప్పలేకపోయారు, పాపం.

"నాకు ఒక్క తట్టు చాలండి. ఒక్కటి వినబడితే బండి ఆపను," అన్నారు.

పిలుపు తట్టు ఆవిణ్ణి లేపడం లేదు. ఇంకేం లేపుతుంది? దిక్కుతోచక పలకలోకి చూస్తూ కూర్చున్నాను. వదిన రీచి పెట్టినప్పటి నుంచి మేం ముగ్గురం వదిలిన బిళ్లలు వరసగా కనిపిస్తున్నాయి. చూస్తూ చూస్తూ ఉంటే నాకు ఒళ్లు మండింది, మా మీద మాకే.

రీచి వినబడగానే ఆట తెలిసినవాళ్లు ఎవరైనా చేసే పనే మేమూ చేశాం. ఆవిడకి కావలసిన బిళ్ల మా చేతిలోంచి పడకూడదని జాగ్రత్తపడ్డాం. ఆవిడ ఇదివరకే వద్దనుకుని వదిలేసినవీ, వాటి పక్కనుంచి చూస్తే ప్రమాదం లేదనిపించినవీ వెతికి వెతికి వేశాం. రోజంతా అదే పని. ఒక పక్క ఆవిడ ప్రాణం కోసం మొక్కుకుంటూ, ఇంకో పక్క ఆవిణ్ణి గెలవనివ్వకుండా ఆడాం. ఎవరూ అనుకుని చెయ్యలేదు. చేతులు వాటి అలవాటు అవి చేసుకుపోయాయి.

రీచి పెట్టినవాళ్లు కునికిపాట్లు పడి గెలుపు వదులుకోకూడదని, కావలసిన బిళ్ల పడగానే పలక మోగి అదురుతుంది. మిగతా ఏ చప్పుడుకీ మోగదు. తొడుగు వేసుకున్నప్పుడు పలక ఎక్కడ ఉంటుందో మా ముగ్గురికీ తెలుసు, గుండెల మీద జేబులో. చెవి గొట్టానికి అంటుకుని ఉంటుంది. అంటే ఆవిణ్ణి లేపే గంట ఆవిడ గుండెల మీదే ఉంది. దాన్ని మోగించగల బిళ్ల మా చేతుల్లో ఉండవచ్చు.

ఈ మాట చెప్పగానే యాకోబు ముఖం వెలిగింది, మళ్లీ వెంటనే నల్లబడింది. లేపితే ఊపిరి పెరుగుతుంది, ఉన్న కాస్త గాలీ తొందరగా అయిపోతుంది కదా అన్నాడు. నిజమే. ఇంకొకటి కూడా ఉంది. రీచిలో ఉండి, గెలిచే బిళ్ల పడినా రోన్ అనకపోతే ఆ చేతికి ఇక పక్కవాళ్ల బిళ్ల మీద గెలిచే హక్కు పోతుంది. ఈ నియమంలో మాత్రం రెండు గుంటలకీ తేడా లేదు. పలక ఇంక మా తట్లకి మోగదు. ఒక్కసారి మోగినప్పుడే ఆవిడ లేవాలి. వరసలో బిళ్లలు కూడా అయిపోవస్తున్నాయి, ఒక్కొక్కరం ఒకటో రెండో వదిలితే ఆట ముగుస్తుంది.

లేపుదాం, అన్నారు రాజుగారు.

ముగ్గురి పలకలూ బల్ల మీద వెల్లకిలా పెట్టాం. ఇలా ఒకరి చెయ్యి ఒకరికి చూపించుకోవడం ఏ గుంటలోనూ ఒప్పుకోరు. ఆవిడ ఏ బిళ్ల కోసం కూర్చుందో తేల్చాలి. రాజుగారికి ఆ మూడు రకాల్లోనూ చేరని తెల్ల బిళ్ల మీద అనుమానం. యాకోబుకి వెదుళ్ల నాలుగు మీద. వరసలో వదిన తర్వాత రాజుగారు, ఆ తర్వాత యాకోబు, ఆఖరున నేను.

రాజుగారు తెల్ల బిళ్ల తట్టారు. విన్నాం. గొట్టంలో నీళ్లు పారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. యాకోబు వెదుళ్ల నాలుగు తట్టాడు. మళ్లీ విన్నాం. నా వంతు వచ్చింది.

నా చేతిలో చక్రాల రెండు జతగా ఉంది. రీచి పెడుతూ ఆవిడ వదిలింది చక్రాల అయిదు. మూడూ నాలుగూ ఉన్నవాళ్లకి రెండైనా అయిదైనా పనికొస్తుంది, ఆరూ ఏడూ ఉన్నవాళ్లకి అయిదైనా ఎనిమిదైనా. అయిదే అక్కర్లేనివాళ్లకి రెండూ ఎనిమిదీ ఏం అక్కర, అవి వదిలినా ప్రమాదం లేదని ఎవరైనా అనుకుంటారు. అలా అనుకునే యాకోబు ఎనిమిది వేశాడు, ఏమీ కాలేదు. నా జాగాలో ఇంకెవరున్నా రెండు ఎప్పుడో వేసేసేవాళ్లు. నేను వెయ్యలేదు. ఎందుకంటే ఆవిడ వదిలింది ఎర్ర అయిదు, విలువైనది. అంత విలువైన బిళ్లని ఊరికే పారేసే మనిషి కాదు వదిన. ఒకటీ మూడూ అయిదూ చేతిలో ఉంచుకుని, అయిదుని ఎర వేసి, ప్రమాదం లేదని అందరూ వదిలే రెండు కోసం నోరు తెరుచుకుని కూర్చునే బుద్ధి ఆవిడది. ఆ ఎరకి పడకుండా ఇన్నేళ్లుగా తప్పించుకున్నది నేనొక్కదాన్నే. నిన్నంతా కూడా ఆ జతని కాపాడుకుంటూ కూర్చున్నాను. నాకంటే తెలివితక్కువ మనిషి నా చోట ఉంటే వదిన నిన్ననే లేచేది.

"రెండు వేస్తున్నాను," అన్నాను.

"మీకు గట్టి నమ్మకమేనా అండి?" అన్నారు రాజుగారు.

"బిళ్ల మీద నమ్మకం ఉందండి. మిగతాది ఆవిడ చేతుల్లో ఉంది."

సుత్తి తీసుకుని చక్రాలకి ఒకటి తట్టాను. ఆగి, రెండు తట్టాను. ఇంకొంచెం గట్టిగా తట్టవలసింది అనిపించింది, కానీ మళ్లీ తడితే వేరే బిళ్ల అవుతుంది.

ఏమీ లేదు. నీళ్ల చప్పుడు. యాకోబు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నాడు. రాజుగారు గొట్టం మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. లే వదినా, లేవవే, ఇన్నేళ్లలో మొదటిసారి నా చేతిలోంచి నీకు బిళ్ల పడింది, నిద్రలో పోగొట్టుకుంటావా, అని మనసులో తిట్టాను. పైకే అన్నానేమో కూడా తెలియదు.

ముందు రాజుగారి చేతికి తెలిసింది. ఆయన కళ్లు తెరిచారు. తర్వాత మాకు వినిపించింది, గర్రుమని, నీరసంగా. సగంలో ఆగింది. మళ్లీ మొదలై, ఈసారి చివరిదాకా ఈడ్చుకుంటూ వచ్చింది.

రోన్.

నా పలక నా పాయింట్లు కోసేసింది. రాజుగారు నేల మీద కూలబడ్డారు. ఆ పెద్దమనిషి పంచె చెంగుతో కాకుండా మోచేత్తో కళ్లు తుడుచుకోవడం చూసి నేను అటు తిరిగాను. తర్వాత ఆయన లేచి, ఊళ్లో అన్ని గదులకీ వేడి కట్టెయ్యమని, జనమంతా పక్కబట్టలు తీసుకుని వంటశాలకి రావాలని చెప్పారు. ముందుగా ఆర్పింది తన గదే. యాకోబు అప్పటికే బండి దగ్గరికి పరుగెత్తాడు.

నమోదు 219

వంటశాలలో ఎనభై మంది. కాలు పెట్టే చోటు లేదు. రెండు ఊళ్ల వాళ్లూ ఒకే దుప్పట్లలో పడుకుంటున్నారు, మొన్నటిదాకా ఒకరి ఉప్మాకి ఇంకొకరు పేర్లు పెట్టుకున్నవాళ్లు. బాలింతకి పొయ్యి పక్కన చోటిచ్చాం. నేను పెద్ద గుండిగలో శొంఠి నీళ్లు కాస్తూనే ఉన్నాను.

మంచు గోడకి కన్నం పడిందని యాకోబు కబురు పంపగానే గిన్నె పట్టుకుని పరుగెత్తాను. వదినని బయటికి లాగి తొడుగు తల విప్పారు. పెదవులు నీలంగా ఉన్నాయి, ఎడమ చెయ్యి విరిగింది, కానీ కళ్లు బాగానే చూస్తున్నాయి. నన్ను పట్టి పట్టి చూసింది.

"ఆ రెండు కావాలనే వేసేవు కదా వదినా," అంది. "ఆ గెలుపు నాకొద్దు. మళ్లీ ఆడదాం."

నోరు మూసుకుని తాగమని గిన్నె ఆవిడ నోటికి పెట్టాను. ఆవిడ కొంచెం తేరుకున్నాక అడిగాను, మగతలోకి వెళ్లే ముందు పలక గంటగా పనికొస్తుందనే రీచి పెట్టావా అని. ఎంత తెలివి అని మేం ముగ్గురం అప్పటికే ఆవిణ్ణి ఆకాశానికి ఎత్తేసి ఉన్నాం.

"గంటేంటి? పడుకోబోతుంటే మంచి చెయ్యొచ్చింది. వదలబుద్ధవుతదా?" అంది.

రాజుగారు నవ్వారు. వచ్చిన దగ్గర్నుంచి ఆయన నవ్వడం మేమెవరం చూడలేదు. మొదలుపెట్టాక ఆపుకోలేకపోయారు.

నమోదు 231

చీకటి రోజులు దాటాం. అందరూ ఉన్నారు. బాలింత బిడ్డకి జలుబు చేసి తగ్గింది. స్తంభాల మీద ఎండ పడగానే ఎవరి గదులకి వాళ్లు వెళ్లిపోయారు. ఖాళీ వంటశాల చూస్తే నాకు దిగులేసింది, ఎవరికీ చెప్పలేదు.

నిన్న రీచి సంగతి తేల్చడానికి కూర్చున్నాం. వింత ఏమిటంటే ఇద్దరూ మాట మార్చేశారు. సింహాచలం కథ విన్న వదిన, ఇక మీద రీచి పెట్టినవాళ్లు ప్రతి వంతుకీ తట్టాల్సిందేనని పట్టుపట్టింది. రాజుగారేమో వద్దన్నారు. అలా తట్టమని నియమం పెట్టి ఉంటే వదిన మెలకువగా ఉండి తట్టి తట్టి ఉన్న గాలి అంతా ఖర్చు చేసేదని ఆయన వాదన. మీ పద్ధతి మంచిదంటే మీ పద్ధతి మంచిదని ఇద్దరూ గంటసేపు పోట్లాడుకున్నారు. నాకు తల నొప్పి వచ్చింది.

చివరికి యాకోబే అడిగాడు, రీచి పెట్టిన మనిషి ఎందుకు తట్టాలి, మిగతా ముగ్గురం తడితే పోదా అని. ప్రతి చుట్టూ తిరిగాక ముగ్గురూ తలా ఒక దెబ్బ కొట్టాలి. అది పిలుపు కాదు, జవాబు ఇవ్వక్కర్లేదు. ఓపిక ఉంటే ఇవ్వవచ్చు. ఆట ముగిశాక మాత్రం అందులో ఒకరు లేచి వెళ్లి ఆ గది తలుపు తీసి మనిషిని కళ్లారా చూడాలి. రెండు గుంటల్లోనూ ఇలాంటి నియమం ఎప్పుడూ లేదు. నలుగురం చెయ్యెత్తాం.

ఇవాళ రీచి నాకే వచ్చింది. మూడో గది ఇంకా బాగుకాలేదు, వదిన వంటశాల వెనక గొట్టం దగ్గర కుర్చీ వేసుకుని ఆడుతోంది. రెండు పొడి దెబ్బలు కొట్టి సుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చుట్టు తిరిగింది. ముందు రాజుగారి దెబ్బ వినిపించింది, అందులో కూడా ఆజ్ఞ ఇస్తున్నట్టే ఉంటుంది. తర్వాత యాకోబుది. ఆఖరున వదినది, కుడి చేత్తో, కొంచెం ఆలస్యంగా.

పదిహేనేళ్లుగా ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. నేను ఏమీ అడగకుండానే ముగ్గురు మనుషులు నా కోసం గొట్టం కొట్టడం ఇదే మొదలు. మళ్లీ చుట్టు తిరిగింది, మళ్లీ మూడు దెబ్బలు. జవాబు ఇవ్వక్కర్లేదని తెలుసు. అయినా ప్రతిసారీ ఇచ్చాను. నా బిళ్ల ఎవరి చేతిలోంచీ పడలేదు, ఆ ఆట రాజుగారు గెలిచారు. గెలిచినాయన తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి నా తలుపు తీసి, నన్ను చూసి, బాగానే ఉన్నారుగా అని వెళ్లిపోయారు.